నీళ్ళు ఒకరివి, కాలువ ఇంకొకరిది: పళ్ళికరణై అపార్ట్‌మెంట్ ప్రశ్నకి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. చెన్నై పళ్ళికరణైలో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, అసోసియేషన్‌లో సగం మంది తెలుగువాళ్ళే. మెట్రోవాటర్ పైపు వీధి మొదట్లో ఆగిపోయింది. బోరు నీళ్ళు ఏప్రిల్ నుంచి ఉప్పెక్కుతాయి, అక్కణ్ణుంచి లారీలే గతి. నవంబరులో గట్టి వాన పడితే కింది అంతస్తు బాత్రూముల్లోంచి మురుగు పైకి తంతుంది, పార్కింగ్‌లో మోకాలి లోతు నీళ్ళు. కౌన్సిలర్ దగ్గరికి వెళ్తే "నీళ్ళ సంగతి నా చేతిలో లేదు" అన్నారు. మరి ఎవరి చేతిలో ఉంది, ముందు ఏం చెయ్యాలి?

ఆయన తప్పించుకోలేదండి, ఉన్నమాటే చెప్పారు. మీరు ఓటేసి ఎన్నుకునే గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ కౌన్సిల్‌లో 200 వార్డులున్నాయి. రోడ్లు, వీధి దీపాలు, చెత్త, పార్కులు, వాన నీటి కాలువలు దానివి. తాగునీరు, మురుగు లైన్లు మాత్రం 1978 చట్టంతో విడిగా పెట్టిన మెట్రోవాటర్ బోర్డువి. అది రాష్ట్ర ప్రభుత్వం కింద నడుస్తుంది. రిప్పన్ బిల్డింగ్‌లో కార్పొరేషన్ బడ్జెట్ పాసయ్యేటప్పుడు మీ వీధి నీళ్ళ పైపు అందులో ఉండదు. చెరువులూ నదులూ వాటి మిగులు కాలువలూ ఎక్కువ భాగం నీటి వనరుల శాఖవి. మీ పక్కనున్న చిత్తడి నేల చాలావరకు అటవీ శాఖ చేతిలో ఉంది, 2022లో రామ్‌సర్ జాబితాకి, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాకి ఎక్కింది. పెద్ద రోడ్ల వెంట పోయే కాలువ చాలాచోట్ల హైవేస్ శాఖది. ఇల్లు కట్టుకోవడానికి ప్లాను అనుమతి పెద్ద భవనాలకైతే సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) ఇస్తుంది. అంటే మీ గేటు ముందు నిలబడి చూస్తే కనిపించే నీళ్ళకి కనీసం నలుగురు యజమానులున్నారు.

మీ వీధికి పైపు ఇంతవరకు రాకపోవడానికి కారణం 2011లో ఉంది. ఆ ఏడు కార్పొరేషన్ హద్దు 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కి పెరిగింది. పళ్ళికరణై, పెరుంగుడి, షోళింగనల్లూరు లాంటి పంచాయతీలు నగరంలో కలిశాయి. కలపడం ఒక్క జీవోతో అయిపోతుంది, పైపులు అలా కావు. పాత నగరంలో వందేళ్ళుగా వేసుకుంటూ వచ్చిన లైన్లని ఇక్కడ కొత్తగా, ప్యాకేజీలుగా విడగొట్టి, టెండర్ల మీద వేస్తున్నారు. ప్యాకేజీ హద్దు ఏ వీధి మొదట్లో పడితే అక్కడ పైపు ఆగుతుంది.

కాబట్టి మొదటి పని: మీ ప్రాంతం మెట్రోవాటర్ డిపోకి (స్థానిక ఆఫీసుకి) వెళ్ళి, పెరుంగుడి జోన్ అంటే 14వ జోన్ ఏరియా ఇంజనీర్ పేరుతో ఉత్తరం ఇవ్వండి. "మా వీధికి నీళ్ళెప్పుడొస్తాయి" అని అడిగితే "త్వరలో" అనే మాటే వస్తుంది. ఇలా అడగండి: మా వీధి ప్రస్తుత ప్యాకేజీలో ఉందా లేదా? ఉంటే పైపు వేయడం అయ్యిందా, వేసినా ఇంకా నీళ్ళు వదల్లేదా? ఆ పైపుకి నీళ్ళు ఏ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి రావాలి, ఆ ట్యాంకు పూర్తయ్యిందా? దక్షిణ శివార్లలో చాలా వీధుల్లో పైపు భూమిలో ఉంటుంది, దానికి నీళ్ళిచ్చే ట్యాంకో పంపింగ్ మెయినో పూర్తికాక ఖాళీగా పడి ఉంటుంది. ఈ మూడింట్లో మీది ఏదో తెలిస్తేనే తర్వాతి అడుగు ఏమిటో తెలుస్తుంది.

కౌన్సిలర్ అవసరం ఇక్కడే పడుతుంది. పైపు మెట్రోవాటర్‌దైనా తవ్వాల్సిన రోడ్డు కార్పొరేషన్‌ది. రోడ్డు కోతకి అనుమతి, తవ్విన చోట మళ్ళీ రోడ్డు వేయడం ఆయన పరిధిలోవి. ఏటా ఈశాన్య రుతుపవనాలకి ముందు రోడ్డు తవ్వకాలు ఆపేస్తారు. అంటే సెప్టెంబరు చివరికి మీ అనుమతి కాగితం చేతికి రాకపోతే ఆ పని జనవరి దాటుతుంది. ఉత్తరం జనవరి, ఫిబ్రవరుల్లో పెట్టండి. జూన్‌లో లారీల బిల్లు చూసి ఒళ్ళు మండాక పెట్టే ఉత్తరం సరిగ్గా తవ్వకం నిషేధంలోకి వెళ్ళి పడుతుంది.

కనెక్షన్ దరఖాస్తుకి సాధారణంగా ఆగేది కంప్లీషన్ సర్టిఫికెట్ దగ్గర. 48 ఫ్లాట్ల భవనానికి 2019 ఉమ్మడి భవన నియమాల ప్రకారం అది లేనిదే నీళ్ళ, మురుగు, కరెంటు కనెక్షన్లు ఇవ్వకూడదు. బిల్డర్ చేతులు దులుపుకొని వెళ్ళిపోయి ఉంటే ముందు ఆ కాగితం ఉందో లేదో చూసుకోండి. దాంతోపాటు ఆమోదించిన ప్లాను, ఆస్తి పన్ను రసీదులు, సంప్ ఎక్కడుందో చూపే చిన్న పటం కావాలి. మెట్రోవాటర్ పన్ను ఆస్తి వార్షిక విలువ మీద వేరుగా పడుతుంది, ఆ బకాయి ఉంటే దరఖాస్తు కదలదు.

ఒక హెచ్చరిక. లైను వచ్చాక ఒత్తిడి తక్కువగా ఉంటుంది, నీళ్ళు సంప్‌లోకి వాటంతట అవే జారాలి. చాలా అపార్ట్‌మెంట్లు ఓపిక పట్టక లైనుకే నేరుగా మోటారు బిగిస్తాయి. అది నేరం సంగతి అటుంచండి, పైపులో పీల్పు పుడుతుంది. పక్కనే పగిలిన మురుగు లైను ఉంటే కీళ్ళ సందుల్లోంచి ఆ మురుగే లోపలికి వస్తుంది, మీకూ వస్తుంది, వీధి మొత్తానికీ వస్తుంది. ఎండాకాలంలో నీళ్ళ రంగు మారిందన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఇలాంటి మోటారే ఉంటుంది.

నీళ్ళు అసలు ఎక్కణ్ణుంచి వస్తాయో కూడా చెప్పాలి, ఎందుకంటే పేపర్లో "పుళల్ నిండింది" అని చదివి మన వీధికి లారీలు అక్కర్లేదనుకునేవాళ్ళు ఎక్కువ. నగరానికి నీళ్ళిచ్చే దగ్గరి జలాశయాలు ఐదు: పూండి 3,231 మిలియన్ ఘనపుటడుగులు, చోళవరం 1,081, పుళల్ 3,300, చెంబరంబాక్కం 3,645, తేర్వాయ్ కండ్రిగ-కన్నన్‌కోట్టై 500. మొత్తం 11,757, అంటే పన్నెండు టీఎంసీలకి కాస్త తక్కువ. ఒక టీఎంసీ 2,831 కోట్ల లీటర్లు. రోజుకి 100 కోట్ల లీటర్లు వాడే నగరానికి ఒక టీఎంసీ సుమారు నాలుగు వారాలు. కాగితం మీద అన్నీ నిండితే పదకొండు నెలలు. కానీ ఇవి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న చెరువులు, ఎండాకాలంలో ఆవిరయ్యేది కూడా లెక్కేసుకోవాలి. దూరం నుంచి కడలూరు జిల్లా వీరాణం నీళ్ళు 200 కిలోమీటర్లకి పైగా పైపులో వస్తాయి.

మనవాళ్ళు గొప్పగా చెప్పుకునే కృష్ణా నీళ్ళ సంగతి: 1983 ఒప్పందం ప్రకారం ఆంధ్ర నుంచి చెన్నైకి ఏటా 12 టీఎంసీలు రావాలి. జులై-అక్టోబరు మధ్య 8, జనవరి-ఏప్రిల్ మధ్య 4. శ్రీశైలంలో బయల్దేరి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా వస్తాయి. కండలేరు నుంచి పూండి దాకా కాలువ 177 కిలోమీటర్లు, అందులో 152 ఆంధ్ర వైపే. 1996లో తొలిసారి నీళ్ళు తమిళనాడు హద్దుకి చేరాయి. ఆ 12 టీఎంసీలు పూర్తిగా అందిన ఏడు వెతికి పట్టుకోవాలి. శ్రీశైలంలో నీళ్ళు లేని ఏడు ఇక్కడా లేవు, చెన్నైకి అవసరం పడేదీ తరచుగా అలాంటి ఏడే. 2019 జూన్‌లో జలాశయాలు అడుగంటి, జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, ఒక్కో రైలుకి 25 లక్షల లీటర్లు. నగరం వాడకం ముందు అది గుక్కెడు కూడా కాదు.

మీ దక్షిణ శివారు ఆధారపడేది ఎక్కువగా ఉప్పు తీసిన సముద్రపు నీటి మీద. నెమ్మేలిలో 2013 నుంచి రోజుకి 10 కోట్ల లీటర్ల ప్లాంటు ఉంది. దాని పక్కనే 15 కోట్ల లీటర్ల రెండోది 2024 ఫిబ్రవరిలో మొదలైంది. పేరూరులో 40 కోట్ల లీటర్ల దానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. దీనివల్ల మీకు లాభం, వాన పడకపోయినా ఈ నీళ్ళు ఆగవు. నష్టం, చెరువులు పొంగుతున్నా సరే, కరెంటు పోతేనో మరమ్మతు వస్తేనో నీళ్ళు ఆగుతాయి. అందుకే కనెక్షన్ వచ్చాక కూడా సంప్‌లో కనీసం రెండు రోజుల నీళ్ళు పట్టే చోటు ఉండాలి.

ఇప్పుడు మీ లెక్క. 48 ఫ్లాట్లు, సగటున ముగ్గురున్నర మంది, మనిషికి 135 లీటర్లు. రోజుకి దాదాపు 22,700 లీటర్లు. మీ మేడ 600 చదరపు మీటర్లనుకుందాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు పడుతుంది. ఐదో వంతు పోయినా 6,70,000 లీటర్లు చేతికి వస్తాయి. మీ వాడకానికి ఇది నెల రోజులు. "వాన నీరు పడితే లారీలే అక్కర్లేదు" అని ఎవరైనా అమ్మజూపితే ఈ లెక్క చూపించండి. నెల రోజుల నీళ్ళు అంటే ఊరికే వదులుకునేదీ కాదు. బోరుకి దాని విలువ ఇంకా ఎక్కువ.

ఇంకుడు గుంతల దగ్గర అందరూ చేసే పొరపాటు కాలం విషయంలో. 2003 నుంచి తమిళనాడులో ప్రతి ఇంటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి, అందుకే గుంత ప్రతి చోటా ఉంది. దాన్ని శుభ్రం చేసేది మాత్రం సెప్టెంబరు చివర్లో, ఈశాన్య రుతుపవనాల కోసం. పళ్ళికరణై లాంటి పల్లపు చోట నవంబరు మధ్యకి భూగర్భ నీటి మట్టం నేలకి అడుగూ రెండడుగుల్లోకి వచ్చేస్తుంది. అప్పటికి గుంతే నిండి ఉంటుంది, ఇంకడానికి చోటెక్కడిది? భూమి బాగా తాగేది ఎండిపోయి ఉన్న ఆగస్టు, సెప్టెంబరుల్లో, సాయంత్రం పూట ఉరుములతో పడే వానలప్పుడు. జూన్-సెప్టెంబరు మధ్య చెన్నైకి ఏడాది వానలో దాదాపు మూడో వంతు పడుతుంది. గుంతలు, గొట్టాలు, వడపోత జూన్ నెలాఖరుకే సిద్ధంగా ఉండాలి.

మట్టి సంగతి ఇంకొకటి. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ ఇసుక నేలలో మామూలు గుంత తవ్వి గులకరాళ్ళు పోసినా చాలు. మీ వైపు పైన బంకమట్టి, కింద శిథిల శిల, దాని కింద గట్టి చార్నకైట్ రాయి. బంకమట్టిలో తవ్విన గుంత నీళ్ళతొట్టిగా మిగిలిపోతుంది. బంకమట్టి దాటి శిథిల శిల తగిలేదాకా దిగాలి. మీటరు వ్యాసం సిమెంటు రింగులతో ఐదు మీటర్లు, దాని అడుగున అవసరమైతే 150 మిల్లీమీటర్ల బోరు, చిల్లులున్న పైపుతో. రింగుల మధ్య కీళ్ళకి సిమెంటు పూయకండి, నీళ్ళు పక్కలకి కూడా పోవాలి.

కట్టాక పరీక్షించి తీసుకోండి, మేస్త్రీ మాట మీద కాదు. బావిలో నీళ్ళు నింపి టేపు పట్టుకుని పది నిమిషాలకోసారి మట్టం రాయండి. మీటరు వ్యాసం బావిలో మట్టం ఒక మీటరు దిగితే 785 లీటర్లు ఇంకినట్టు. అరగంటలో మీటరు దిగిందనుకుంటే గంటకి 1,570 లీటర్లు. గంటకి 30 మిల్లీమీటర్ల వానలో మీ మేడ నుంచి వచ్చేవి 14,000 లీటర్లకి పైన. కాబట్టి ఒక బావి చాలదు, కనీసం నాలుగైదు కావాలి, అవి గంటలో ఇంకించేదీ అందులో సగమే, అందుకే పొంగి వచ్చే నీళ్ళకి వీధి కాలువలోకి దారి ఉండాలి. మేడ మీది గొట్టాలు కూడా చూడండి. గంటకి 100 మిల్లీమీటర్ల వానకి నాలుగంగుళాల గొట్టం ఒకటి 40 చదరపు మీటర్లకి కాస్త పైన మాత్రమే మోస్తుంది. 600 మీటర్ల మేడకి నాలుగు గొట్టాలు పెట్టి వదిలేసిన భవనాలు ఎన్నో. పైన మోకాలి లోతు నిలిచి గోడల్లోకి దిగుతుంటే నేరం వాటర్‌ప్రూఫింగ్ మీద వేస్తారు.

తొలి వానలో మొదటి రెండు మిల్లీమీటర్లు, మీ మేడకి 1,200 లీటర్లు, బయటికి వదలాలి. పావురాల రెట్టలు, దుమ్ము అంతా అందులోనే ఉంటాయి. ఆ తర్వాతి నీళ్ళు ఇసుక-గులక వడపోత మీదుగా ముందు సంప్‌కి, సంప్ నిండితే బావికి. పార్కింగ్‌లో పారే నీళ్ళని మాత్రం తాగే బోరులోకి ఎప్పుడూ వదలకండి, అందులో నూనె ఉంటుంది, మీ వైపు వరద రోజున మురుగు కూడా కలుస్తుంది. ఆర్వో ప్లాంటు ఉంటే అది వదిలేసే ఉప్పు నీళ్ళూ అంతే. వృథా ఎందుకని ఇంకుడు బావిలో కలిపితే మీ బోరుని మీరే ఉప్పు చేసుకున్నట్టు. ఆ నీళ్ళు ఫ్లష్‌కి వాడండి.

బోరు ఉప్పెక్కడం గురించి. తీర ప్రాంతాల్లో తీపి నీళ్ళు పైన తేలుతుంటాయి, ఉప్పు నీళ్ళు కింద. తీపి నీటి మట్టం ఒక మీటరు దిగితే కింద ఉప్పు హద్దు 40 మీటర్ల దాకా పైకి జరుగుతుందన్నది పాత లెక్క. మీకు దానికితోడు చిత్తడి నేలలో పాతుకుపోయిన ఉప్పు ఉంది. అందుకని "ఇంకో 200 అడుగులు దించుదాం" అన్న సలహా ఎక్కువసార్లు ఉప్పు దగ్గరికే తీసుకెళ్తుంది. కొత్త బోరుకి చెన్నైలో 1987 చట్టం కింద ముందే అనుమతి కావాలి, అనుమతి లేకుండా దించి ఉప్పు తెచ్చుకుంటే డబ్బు రెండిందాలా పోయినట్టే.

మీరు చెయ్యగలిగింది తోడే పద్ధతి మార్చడం. మోటారు వేసిన ఐదో నిమిషంలో టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) కొలవండి, గంట తర్వాత మళ్ళీ కొలవండి. 900 ఉన్నది 1,500 అయితే మీరు కింది ఉప్పుని పైకి లాగుతున్నారు. నాలుగు గంటలు ఏకబిగిన కాకుండా గంట చొప్పున, మధ్యలో కనీసం రెండు గంటలు వదిలి తోడండి. మోటారు పెద్దదైతే చిన్నదానికి మార్చండి. నెలకోసారి, ఒకే తేదీన, తెల్లవారకముందు ఎవరూ మోటారు వేయకముందు మట్టం కొలిచి పుస్తకంలో రాయండి. రెండేళ్ళ పుస్తకం చేతిలో ఉంటే ఏ కన్సల్టెంటూ మిమ్మల్ని మభ్యపెట్టలేడు. టీడీఎస్ 500 లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా అనుమతి అని భారతీయ ప్రమాణం చెబుతుంది. మీటరు చూపించే టీడీఎస్‌తో తృప్తి పడకండి. పెరుంగుడి చెత్త దిబ్బ అక్కడికి దగ్గరే కాబట్టి నైట్రేట్, అమ్మోనియా, ఇ.కోలై పరీక్ష వానలకి ముందొకసారి, తర్వాతొకసారి ల్యాబులో చేయించండి. నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటితే చంటిపిల్లల పాల డబ్బాకి ఆ నీళ్ళు వాడకూడదు. మరిగిస్తే నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

లారీ నీళ్ళలో మోసం ఎక్కువగా కొలతలో. మీ సంప్ లోపలి కొలత 5 మీటర్లు, 4 మీటర్లు అనుకుంటే నేల 20 చదరపు మీటర్లు. 12,000 లీటర్లు దించితే మట్టం 60 సెంటీమీటర్లు పెరగాలి. సంప్ గోడకి సెంటీమీటర్ల గీతలు వేయించి, లారీ దించుతున్నంతసేపు పై ట్యాంకు మోటారు ఆపించండి. 52 సెంటీమీటర్లే పెరిగితే వచ్చింది 10,400 లీటర్లు, 1,600 తక్కువ. వాచ్‌మన్‌కి ఈ రెండు సంఖ్యలు రాయడం నేర్పితే చాలు, డ్రైవరుతో గొడవ పడక్కర్లేదు. పుస్తకం చూశాక లారీలే సర్దుకుంటాయి. గొట్టం బిగించకముందే టీడీఎస్ చూడండి, దించాక చూసి లాభం లేదు. లారీ నీళ్ళు, బోరు నీళ్ళు ఒక గదిలో, మెట్రోవాటర్, వాన నీళ్ళు ఇంకో గదిలో ఉండేలా సంప్‌కి మధ్య గోడ కట్టించడం చవకైన మంచి పని.

సంప్ శుద్ధికి బ్లీచింగ్ పౌడరు లెక్క: 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడరైతే 10,000 లీటర్లకి 80 గ్రాములు, బకెట్‌లో కలిపి తేట మాత్రం పోసి అరగంట ఆగాలి. కొళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములు చూపించాలి. మూత తీసి ఆర్నెల్లు ఉంచిన పౌడరులో 25 శాతం ఉండదు, అందుకే పరీక్ష లేకుండా గ్రాముల మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మురుగు పైకి తన్నడం గురించి చాలామంది మెట్రోవాటర్‌ని తిడతారు. కారణంలో మనవాటా పెద్దదే. మీ భవనం నుంచి రోజుకి వచ్చే మురుగు 18,000 లీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే మీ మేడ నుంచి వచ్చే నీళ్ళు 24,000. ఆ గొట్టం మురుగు ఛాంబర్లో కలిపి ఉంటే, ఒక రోజు మురుగుకన్నా ఎక్కువ నీళ్ళు ఒక్క గంటలో లైనులోకి తోస్తున్నారన్నమాట. వీధిలో పది భవనాలు అలా చేస్తే పంపింగ్ స్టేషన్ ఎంత తోడినా తేరుకోలేదు, నీళ్ళు లైనులో వెనక్కి నిలుస్తాయి, తలుపు తెరుచుకునేది అన్నిటికన్నా కిందున్న టాయిలెట్లో. పార్కింగ్ నీళ్ళు పోవాలని వీధి మ్యాన్‌హోల్ మూత ఎత్తడం దీనికి తోడు. ముందు మీ గొట్టాలు ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. బాత్రూములో వంటరంగు కలిపిన బకెట్ నీళ్ళు పోసి వీధి కాలువ దగ్గర నిలబడండి. రంగు అక్కడ కనబడితే మీ మురుగు వాన కాలువలోకి పోతోంది. మేడ మీద పోసిన రంగు నీళ్ళు మురుగు ఛాంబర్లో కనబడితే తప్పు అటువైపు. రెండూ మీ ఖర్చుతో మీరు సరిచేసుకోవాల్సినవే.

అది అయ్యాక ఆఖరి ఛాంబర్‌కి, వీధి లైనుకి మధ్య వెనక్కి రానివ్వని వాల్వ్ పెట్టించండి. మూడు నెలలకోసారి తెరిచి కడగాలి, గుడ్డపేలిక ఇరుక్కుంటే మూసుకోదు. వాల్వ్ మూసుకున్నంతసేపు మీ మురుగు కూడా బయటికి పోదు, కాబట్టి ఆ కొన్ని గంటలు నీళ్ళు తక్కువ వాడమని పై అంతస్తులకి చెప్పే ఏర్పాటు ఉండాలి. పైవాళ్ళు వాషింగ్ మెషీన్ వేసుకుంటే మునిగేది కిందివాళ్ళే. ఛాంబర్లోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని దింపకండి. 2013 చట్టం ప్రకారం అది నేరం. చనిపోతే 30 లక్షల పరిహారమని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తేల్చింది. డబ్బు సంగతి ఎలా ఉన్నా, విషవాయువుకి మనిషి నిమిషాల్లో పోతాడు, కాపాడబోయి దిగినవాడూ పోతాడు. యంత్రం లారీ పిలిపించండి, దానికి లైసెన్సు ఉందో చూడండి.

పార్కింగ్ వరదకి మాత్రం పూర్తి మందు లేదు, ఆశ పెట్టుకోవద్దు. దక్షిణ చెన్నై చెరువుల మిగులు నీళ్ళు మీ పక్క చిత్తడి నేలకి చేరి, అక్కణ్ణుంచి ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలోకి, కోవళం వైపు సముద్రంలోకి పోవాలి. ఆ దారి ఇరుకు. సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్ళు కదలవు. వీధి కాలువ ఎంత శుభ్రంగా ఉన్నా దాని చివర నిండి ఉంటే మీ నీళ్ళెక్కడికి పోతాయి? మీరు చెయ్యాల్సింది నష్టం తగ్గించడం. 2015లోనూ 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానప్పుడూ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద మరక ఉంటుంది. కరెంటు ప్యానెళ్ళు, లిఫ్ట్ గుంత మోటారు స్విచ్చి, జనరేటరు ఆ మరకకి కనీసం అడుగు పైన ఉండాలి. సంప్ మూత నేలమట్టానికి కాక, రింగు కట్టి అంతే ఎత్తుకి లేపాలి. తాగే నీళ్ళలో మురుగు కలవడం చాలాసార్లు ఈ మూత దగ్గరే. వీధి కాలువ పూడిక, విరిగిన జాలీ కోసం కార్పొరేషన్ 1913కి ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి. ఫోటోలో ఇంటి నంబరో కరెంటు స్తంభం నంబరో కనబడాలి. చెత్త సంగతీ అదే నంబరు.

ఇక కాగితాలు. వార్డు స్థాయిలో ఏరియా సభలు, అంటే ఆ ప్రాంతం జనం కౌన్సిలర్‌తో కూర్చునే సమావేశాలు జరుగుతాయి. కౌన్సిలర్ సమక్షంలో మీ విన్నపం మినిట్స్‌లోకి ఎక్కేలా చూసుకోండి, నోటిమాట లెక్కలోకి రాదు. తమిళంలో రాసిన ఒక పేజీ చాలు, ఆంగ్లంలో ఐదు పేజీలు ఎవరూ చదవరు. అక్కడ అడగాల్సినవి కార్పొరేషన్ పనులే: రోడ్డు కోత అనుమతి, కాలువ పూడిక తేదీ, జాలీలు. మెట్రోవాటర్ విషయాలు కలిపితే మళ్ళీ "నా చేతిలో లేదు" దగ్గరికే వస్తారు.

డిపో నుంచి రెండు నెలల్లో జవాబు రాకపోతే మెట్రోవాటర్ ప్రజా సమాచార అధికారికి పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎందుకు ఆలస్యం అని అడగొద్దు, "ఎందుకు"కి జవాబు ఇవ్వాల్సిన పని వాళ్ళకి లేదు. రికార్డు అడగండి: మా వీధి ఉన్న ప్యాకేజీ వర్క్ ఆర్డరు నకలు, అందులో పూర్తి చెయ్యాల్సిన తేదీ, ఇప్పటిదాకా వేసిన పైపు పొడవు, రోడ్డు కోతకి కార్పొరేషన్‌కి పెట్టిన దరఖాస్తు తేదీ. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా ఇంకో ముప్పై రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వెయ్యండి, దానికి వేరే ఫీజు లేదు. రోడ్డు కోత దరఖాస్తు తేదీ ఖాళీగా వస్తే, మీ పైపు ఆగింది ఏ టేబుల్ మీదో మీకు దొరికినట్టే. ఆ కాగితం పట్టుకుని వెళ్ళాల్సింది మెట్రోవాటర్ ఏరియా ఇంజనీర్ దగ్గరికి. తేదీ ఉండి అనుమతి లేకపోతే అప్పుడు కౌన్సిలర్ దగ్గరికి.